జోడులో ఒక ఎద్దు పోయిన దుఃఖం

ప్రశ్న: మాది కల్వకుర్తి దగ్గర ఒక పల్లె. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా నాయనకు డెబ్బై ఏళ్లు దగ్గర పడ్డాయి. అమ్రాబాద్ వైపు నుంచి ఆయన ఏరి తెచ్చుకున్న పొడ తూర్పు జాతి ఎద్దుల జోడులో దాపటెద్దు (కాడికి ఎడమ వైపు కట్టేది) పోయిన నెలలో చనిపోయింది. కోసిన జొన్న చేనులో మళ్లీ మొలిచిన పిలకలు మేసి, నాము (లేత జొన్నలోని విషం) తగిలి, డాక్టరు వచ్చేలోపే ప్రాణం విడిచింది. దాన్ని అక్కడ విప్పి వదిలింది నాయనే. అప్పటి నుంచి ఆయన సరిగా తినడం లేదు, రాత్రిళ్లు కొట్టంలోనే పడుకుంటున్నాడు. ‘నా చేతులార చంపుకున్న’ అన్న మాట తప్ప వేరే మాట లేదు. మిగిలిన వలపటెద్దు (కుడి వైపుది) కూడా మేత సగమే తింటోంది. ఒంటెద్దుతో పనేముంది, అమ్మేసి ట్రాక్టరు కిరాయికి పెట్టుకుందామని అమ్మ, అన్న అంటున్నారు. ఎద్దు కోసం ఇంత ఏడుపా అని ఊళ్లో నవ్వుతున్నారు. మేము ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: ముందు అమ్మకం సంగతి చెబుతాను, ఎందుకంటే తొందరపడితే వెనక్కు తీసుకోలేనిది అదొక్కటే. ఇప్పుడు అమ్మకండి. ఒక ఎద్దు ప్రమాదంలో పోయింది. రెండోది ఇంటివాళ్ల నిర్ణయంతో పోతే, ఆ కొట్టంలో తన మాటకు విలువ లేదని కూడా మీ నాన్నగారికి తెలిసివస్తుంది. కనీసం వచ్చే ఏరువాక దాకా ఆగండి. అప్పటిదాకా ఒక్క పశువుకు అయ్యే మేత ఖర్చు మీ ఉద్యోగానికి భారం కాదనుకుంటాను.

ఇక ఆయన అంటున్న మాట. ‘నీ తప్పేం లేదు’ అని మీరందరూ చెబుతూనే ఉండి ఉంటారు, ఆయన నమ్మి ఉండరు. నాము సంగతి చిన్నప్పటి నుంచి తెలిసిన రైతుకు, తాను ఏమరుపాటుగా విప్పానన్న సంగతి కూడా తెలుసు; దాన్ని లేదనడం వల్ల ఆయన మీ ఎదుట మాట్లాడటం మానేస్తారే తప్ప తేలికపడరు. అయితే ఆయన తనపై వేసుకున్న బరువంతా ఆయనది కాదు. కోసిన మోళ్ల నుంచి వచ్చే లేత పిలకల్లో, వాన ముఖం చాటేసి వాడిన లేత జొన్నలో, హైడ్రోసయనిక్ ఆమ్లాన్ని పుట్టించే పదార్థం ఎక్కువగా ఉంటుంది. అది ఒంట్లోకి వెళ్లాక రక్తంలో ప్రాణవాయువు ఉన్నా శరీర కణాలు దాన్ని వాడుకోలేవు, అందుకే ఎక్కువగా మేసిన పశువు కొన్ని నిమిషాల నుంచి గంట, రెండు గంటల లోపే కూలిపోతుంది. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ మందులను వెంటనే నరానికి ఎక్కిస్తే బతికే అవకాశం ఉంటుంది కానీ, పల్లెలో చేను గట్టు మీద ఆ సమయం దొరకడం చాలా కష్టం. విప్పి వదలడం ఆయన చేసిన పని; బతికించలేకపోవడం ఆయన చేసిన తప్పు కాదు. ఈ రెండింటినీ విడదీసి, ఒకసారి నెమ్మదిగా, వాదించకుండా ఆయనతో చెప్పండి. స్థానిక పశువైద్యుడి నోట చెప్పించగలిగితే ఇంకా మంచిది. ఆ మోళ్లను కూడా వెంటనే దున్నించేయండి, ఊరి పశువులన్నిటికీ అది ప్రమాదమే.

ఊళ్లో వాళ్ల నవ్వు గురించి ఒక్క మాట. ఏరువాక పున్నమి నాడు కొమ్ములకు రంగులు పూసి ఎద్దులకు మొక్కే ఊరే, ఆ ఎద్దు చస్తే ఏడ్చే ముసలాయనను చూసి నవ్వడం నాకు వింతగానే తోస్తుంది. చుట్టుపక్కలవాళ్లు దుఃఖమని ఒప్పుకోని ఇలాంటి దుఃఖం గురించి దుఃఖంపై పరిశోధన చేసిన అమెరికాకు చెందిన కెన్నెత్ డోకా 1989లోనే వివరంగా రాశారు. మనిషి పోతే పరామర్శ ఉంటుంది, దినవారాలు ఉంటాయి, నలుగురూ వచ్చి కూర్చుంటారు. పశువు పోయినవాడికి అవేవీ ఉండవు కనుక ఏడుపు లోపలే ఉండిపోతుంది. ఆ పరామర్శ మీరే చేయండి. రెండు రోజులు సెలవు పెట్టి వెళ్లి, కొట్టంలోనే ఆయన పక్కన కూర్చుని, ఆ ఎద్దును ఎలా బేరం చేశారో, కాడికి ఎలా అలవాటు చేశారో అడిగి చెప్పించుకోండి. మధ్యలో కొత్త ఎద్దు మాట ఎత్తకండి.

వలపటెద్దు మేత తగ్గించడం సహజమే, పశువులు మంద జీవులు, ఏళ్ల తరబడి పక్కన నిలిచిన తోడు లేకపోతే అవి బెంగపడతాయి. పక్కన ఒక దూడనో బర్రెనో కట్టేయండి. నెమరు ఆగినా, ఒళ్లు కాలినా బెంగే అనుకుని ఊరుకోకుండా 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. మేత వేయడం, నీళ్లు పెట్టడం, ఒళ్లు రుద్దడం మాత్రం మీ నాన్నగారికే వదిలేయండి. ఆయన పొద్దున్నే లేవడానికి ప్రస్తుతం ఉన్న కారణం అదే కావచ్చు.

ఒక విషయంలో మాత్రం ఆలస్యం చేయవద్దు. తిండి మరీ తగ్గి మనిషి చిక్కిపోతున్నా, ‘నేను కూడా పోతా’ వంటి మాట ఒక్కసారి వచ్చినా, దాన్ని ముసలితనపు మాటగా తీసేయకుండా డాక్టరుకు చూపించండి. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం) సలహాదారులు ఏ వేళనైనా తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. పొలానికి కొట్టే మందు డబ్బాలు కొట్టంలో గానీ ఇంట్లో గానీ ఉంటే, ఈ రోజే మీ అన్నతో చెప్పి, ఆయనకు అందకుండా తాళం వేయించండి.

వచ్చే ఏరువాకకు ముందు మళ్లీ కూర్చుని మాట్లాడండి. దాపటి వైపు అలవాటైన ఒంటెద్దు ఉన్న రైతు చుట్టుపక్కల ఎవరైనా ఉంటే, ఇద్దరూ కలిసి జత కట్టుకోవచ్చు. వలపటెద్దును దాపటికి మార్చి కట్టడం ఈ వయసులో దానికీ, మీ నాన్నగారికీ కష్టమే. అమ్ముదామని ఆయనే అంటే, ఎవరికివ్వాలో కూడా ఆయనే చెప్పాలి. కోతకు కొనేవాళ్లకు కాకుండా, కాడికి కట్టుకునే రైతుకు చేరేలా మీ అన్న బేరం చూడాలి, రూపాయి తగ్గినా సరే.