మామగారి మాట మావారికి, మావారి మాట మామగారికి... ఎన్నాళ్లిలా మోయాలి?

ప్రశ్న: మాది గుంటూరు. న్యూజెర్సీలో నాతో పనిచేసిన ఇటాలియన్ అమెరికన్ అబ్బాయిని పెద్దల్ని ఒప్పించి పెళ్లి చేసుకున్నాను. పాప, బాబు. ఎడిసన్‌లో ఉంటాం. మామగారికి 77 ఏళ్లు. ఆయనది సిసిలీలోని జిబెల్లీనా. 1968 భూకంపంలో ఊరు పోయింది. 1971లో అక్క స్పాన్సర్ చేస్తే అమెరికా వచ్చారు. తాపీ పని చేసి బ్రూక్లిన్‌లోని బెన్సన్‌హర్స్ట్‌లో ఇల్లు కొనుక్కున్నారు. అత్తగారు బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టేవారు. ఆవిడ ఉన్నంతకాలం అన్నీ ఆవిడే చూసుకున్నారు. పోయిన ఏడాది కాలం చేశారు.

అప్పట్నుంచీ నాకు టెన్షనే. ప్రతి ఆదివారం మేము వెళ్లి ఆయనతో భోంచేయాలి. ఒక వారం తప్పితే "మా ఊరు వెళ్లిపోయి అక్కడే చస్తాను" అంటారు. పెరట్లో అంజూరపు చెట్టుకి గోనెలు చుట్టడానికి కూడా కొడుకు రాలేదని నన్ను సాధిస్తారు. బాబుని వాడి పేరుతో కాక తన పేరుతోనే పిలుస్తారు. బేస్‌మెంట్ వంటగదిలో రెండుసార్లు స్టవ్ ఆపడం మరిచిపోతే, పై వాటాలో అద్దెకుండే చైనా కుటుంబం చూసి ఆపారు. ఇల్లు అమ్మేసి ఆయన్ని మా దగ్గరికి తెచ్చేయాలని మావారు, ఆడపడుచు అంటున్నారు. ఆ సంగతి ఆయనకి చెప్పాల్సింది మాత్రం నేనట! తండ్రీకొడుకులు నేరుగా మాట్లాడుకోరు. "చిన్నప్పుడు బ్యాంకుకీ ఆస్పత్రికీ ఆయన వెంట తిరిగింది చాలు, ఇక నావల్ల కాదు" అంటారు మావారు. మా అమ్మేమో "పెద్దాయన్ని ఒంటరిగా వదిలేస్తారా, మనిళ్లలో ఇలా ఉంటుందా" అంటుంది. మా అమ్మానాన్నలతో వారానికి పది నిమిషాలు మాట్లాడే తీరిక కూడా ఉండట్లేదు. ఏం చేయను?

జవాబు: ముందు స్టవ్ సంగతి చూడండమ్మా. మిగతావి ఓ నెల ఆగినా ఫర్వాలేదు, ఇది ఆగకూడదు. భార్య పోయిన ఏడాదిలో మనిషి పరధ్యానంగా ఉండటం మామూలే. ఇన్నాళ్లూ వండి పెట్టే మనిషి ఉన్న మగవాడు స్టవ్ ఆపడం మరిచిపోవడమూ వింతేం కాదు. అయినా ఆ వయసులో దాన్ని దిగులు ఖాతాలో రాసేసి ఊరుకోలేం. జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి. బీ12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్, కొన్ని రకాల మందులు కూడా మతిమరుపు తెస్తాయి. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. ఈలోగా, టైం అయ్యాక తనంతట తానే ఆగిపోయే పరికరం ఒకటి స్టవ్‌కి పెట్టించండి. పై వాటావాళ్ల దగ్గర మీ నంబరు, మీవారి నంబరు రెండూ ఉండాలి.

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఇటాలియన్ దుబాసీ కావాలని చెప్పండి. ఫెడరల్ నిధులు తీసుకునే ఆస్పత్రులు ఇంగ్లీషు సరిగా రాని రోగికి ఉచితంగా దుబాసీని ఇవ్వాలి. 1964 పౌర హక్కుల చట్టం నుంచి వచ్చిన బాధ్యత అది. ఆ గదిలో మీరు గానీ మీవారు గానీ అనువాదం చేయొద్దు. ఇవాళ ఏ వారమని డాక్టరు అడిగినప్పుడు కొడుకు ఎదుట తడబడటం ఆయనకి ప్రాణం పోయినంత పని. పైగా ఇంట్లోవాళ్లు మధ్యలో ఉంటే తండ్రి తడబాటును సర్దిచెప్పేస్తారు, డాక్టరుకి అసలు విషయం తెలియదు.

ఇక అసలు గొడవకి వద్దాం. మీరు మామగారి మొండితనం గురించి రాశాననుకుంటున్నారు. ఉత్తరం చదివితే నాకు కనిపించింది వేరు. మీవారు పుట్టిన దగ్గర్నుంచీ ఆ తండ్రీకొడుకుల మధ్య మాటలు మోసిన మనిషి మీ అత్తగారు. ఆయన కోపాన్ని మెత్తగా చేసి కొడుక్కి, కొడుకు విసుగుని కాస్త దాచి ఆయనకి చేరవేసి ఉంటారు. ఆవిడ పోగానే ఆ పని, ఎవరూ అడక్కుండానే, మీ నెత్తిన పడింది. పెద్దవాళ్లు చెబితే కాదనకూడదని పెరిగారు కదా, మీరూ అందులో చక్కగా ఇమిడిపోయారు. వాళ్లిద్దరికీ ఇది ఎంతో సుఖంగా ఉంది. మీకే లేదు.

మీవారిది నిర్లక్ష్యమని నేననుకోవడం లేదు. వలస వచ్చిన ఇళ్లలో పెద్దబ్బాయో పెద్దమ్మాయో తొమ్మిది పదేళ్లకే ఇంటికి దుబాసీ అయిపోతారు. కరెంటు బిల్లు మీద గొడవపడాలన్నా, బ్యాంకులో అప్పు అడగాలన్నా, డాక్టరు చెప్పిన చేదు కబురు అమ్మకి వినిపించాలన్నా ఆ పిల్లవాడే. ఇంట్లో గట్టిగా మాట్లాడితే ఊరుకోని తండ్రి, బ్యాంకు కౌంటరు ముందు మాత్రం కొడుకు నోటివైపు చూస్తూ నిలబడాలి. ఆ అవమానం ఇద్దరికీ గుర్తుంటుంది, ఇద్దరూ ఎత్తరు. "నావల్ల కాదు" అన్నప్పుడు మీవారికి విసుగెత్తింది తండ్రి మీద కన్నా ఆ ఉద్యోగం మీద అని నాకనిపిస్తోంది. అలాగని అదే ఉద్యోగం పెళ్లానికి అప్పజెప్పడం న్యాయం కాదు.

మామగారి సంగతి. 1968 జనవరి 14, 15 తేదీల్లో బెలీచే లోయలో భూమి కంపించి జిబెల్లీనా, సలపరూత, పొజ్జోరెయాలే, మొంతెవాగో ఊళ్లు నేలమట్టమయ్యాయి. అప్పటికి ఆయనకి పంతొమ్మిదేళ్లు ఉంటాయి. జనం ముందు గుడారాల్లో, ఆ తర్వాత తాత్కాలిక షెడ్లలో బతికారు. కొన్ని కుటుంబాలు పదేళ్లు దాటినా ఆ షెడ్లలోనే ఉన్నాయి. అమెరికా 1965లో చట్టం మార్చి దేశాలవారీ కోటాలు ఎత్తేయడంతో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పిలిపించుకునే దారి తేలికైంది. మీ మామగారు ఆ దారినే వచ్చారు. మన తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు పెద్ద సంఖ్యలో అమెరికా వెళ్లగలిగింది కూడా ఆ చట్టం వల్లే. ఎప్పుడైనా భోజనాల దగ్గర ఈ మాట ఆయనతో అనండి, సంతోషిస్తారు.

ఆ తర్వాత ఊరిని మళ్లీ కట్టారు గానీ, అదే చోట కాదు. కొత్త జిబెల్లీనా వేరే నేల మీద లేచింది. పాత ఊరి శిథిలాల మీద ఆల్బెర్టో బుర్రి అనే కళాకారుడు తెల్ల సిమెంటు పోయించాడు. పాత వీధులే ఇప్పుడు ఆ సిమెంటు దిమ్మెల మధ్య సందులు. 1980ల్లో మొదలైన ఆ పని 2015కి గానీ పూర్తి కాలేదు. మీ మామగారి చిన్ననాటి ఇల్లు బహుశా ఆ సిమెంటు కిందే ఉంటుంది. ఇప్పుడు పిల్లలిద్దరూ ఇల్లు అమ్మేద్దాం నాన్నా అంటే ఆయన చెవికి ఎలా వినిపిస్తుందో ఊహించండి. తాపీ మేస్త్రీ చేతులవి. ఆ ఇంట్లో ఏ గోడ ఎప్పుడు పూసిందీ ఆయనకి గుర్తుండే ఉంటుంది.

ఇంత చెప్పానని ఆయన అడిగిందల్లా చేయమని కాదు. ఆయన బాధ నిజమే, మీ ఆదివారాలన్నీ ఆయన సొంతం కావడం మాత్రం కుదరదు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

ముందుగా మీవారితో కూర్చోండి. పిల్లలు పడుకున్నాక, ఫోన్లు పక్కన పెట్టి. "మీ నాన్నగారికి నేను వండుతాను, మందులు చూస్తాను, కబుర్లు చెబుతాను. మీ ఇద్దరి మాటలు మాత్రం ఇక మోయను" అని చెప్పండి. పోట్లాటలా కాదు, రేపట్నుంచి ఆఫీసు టైము మారిందని చెప్పినట్టు చెప్పండి. మామగారు ఫోన్ చేసి "వాడికి చెప్పు" అంటే, "ఇక్కడే ఉన్నాడు, ఇస్తున్నా" అని ఫోను ఆయన చేతికిచ్చేయండి. ఆయన ఇంట్లో లేకపోతే "సాయంత్రం ఏడింటికి ఆయనే చేస్తారు" అని పెట్టేయండి. మొదట్లో ఇద్దరూ మీ మీదే అలుగుతారు. ఫోన్లో మౌనం, ముక్తసరి మాటలు ఉంటాయి. మీరు మధ్యలో దూరి అతకడానికి పోకండి. మీ అసలు కష్టం అక్కడే, ఎందుకంటే అతకడం మీకు బాగా వచ్చు.

ఎదురెదురుగా కూర్చుని మనసు విప్పుకోమంటే ఆ ఇద్దరూ విప్పుకోరు. పని మధ్యలో అయితే మాట్లాడతారు. అంజూరపు చెట్టు గురించి మీరు ఫిర్యాదులా రాశారు. నాకది పిలుపులా వినిపించింది. బ్రూక్లిన్ చలికి అంజూరం తట్టుకోదని పాత ఇటాలియన్ ఇళ్లలో ఏటా కొమ్మలు దగ్గరికి లాగి కట్టి, గోనెలు చుట్టి, పైన బకెట్ బోర్లిస్తారు. అది ఒక్కడివల్ల అయ్యే పని కాదు, ఆ వయసులో అసలే కాదు. ఈ నవంబరులో మీవారిని ఒక్కణ్నే పంపండి. మీరు, పిల్లలు వెళ్లొద్దు. మీరుంటే మళ్లీ మీ ద్వారానే మాట్లాడుకుంటారు. అలా రెండు మూడు పనులు అయ్యాక ఇంటి మాట ఎత్తాల్సింది కూడా మీవారే.

ఇంటి గురించి నా అభిప్రాయం అడిగితే, డాక్టరు ఒంటరిగా ఉండకూడదని చెబితే తప్ప ఈ ఏడాది అమ్మొద్దు. భార్య పోయిన మనిషికి వెంటనే ఇల్లు కూడా పోతే కోలుకోవడం కష్టం. బేస్‌మెంట్ మెట్లకి రెండువైపులా కమ్మీలు, పడిపోతే నొక్కే బటను, వంట పై వంటగదికి మార్చడం - ఇవి చేస్తే కొంతకాలం గడుస్తుంది. పైన ఒక మంచి కుటుంబం ఉండటం చిన్న విషయం కాదు, వాళ్లని కదపకండి. డాక్టరు వద్దంటే మాత్రం ఆయన ఎంత అరిచినా కదిలించాల్సిందే. అప్పుడు కూడా ఇల్లు వెంటనే అమ్మకుండా, ముందు ఓ రెండు నెలలు మీ దగ్గర ఉండి చూడమనండి.

"మా ఊరు వెళ్లిపోతాను" అనడాన్ని బెదిరింపుగా తీసుకోకండి, తీసుకెళ్లండి. కొడుకు, మనవలు వెంట ఉండగా ఆ తెల్ల సందుల్లో తమ వీధి ఎక్కడుండేదో చూపించే అవకాశం ఆయనకి ఒక్కసారైనా రావాలి. చనిపోవడానికి పోతానన్న మాట అక్కడికెళ్లాక తగ్గుతుందో పెరుగుతుందో నేను చెప్పలేను గానీ, ఇంట్లో కూర్చుని వాదించుకుంటే మాత్రం తగ్గదు. ఇంకోటి. 1992కి ముందు అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లకి ఇటలీ పౌరసత్వం దానంతటదే పోయింది. ఇటలీలోనే పుట్టి అలా పోగొట్టుకున్నవాళ్లు 2027 డిసెంబరు 31 లోపు కాన్సులేట్‌లో డిక్లరేషన్ ఇచ్చి తిరిగి పొందవచ్చు. మీ మామగారికి వర్తిస్తుందేమో న్యూయార్క్ కాన్సులేట్‌లో కనుక్కోమనండి మీవారిని. ఈ ఒక్క కాగితం పని మీద కొడుకు తండ్రి వెంట తిరిగితే తప్పులేదు. ఇప్పుడాయన పిల్లవాడు కాదు కదా.

బాబు పేరు సంగతి వదిలేయండి. మొదటి మనవడికి నాన్న తరఫు తాత పేరు పెట్టడం సిసిలీ ఆనవాయితీ. మనవాళ్లూ తాత పేరు పెట్టుకుంటారుగా! వాడికి రెండు పేర్లుంటే నష్టమేం లేదు.

ఆదివారాల లెక్క మార్చండి. నెలలో ఒక ఆదివారం బ్రూక్లిన్‌లో, ఒకటి మీ ఇంట్లో. ఆయన్ని మీవారే వెళ్లి తీసుకురావాలి, రెండు వంతెనల టోలు కట్టుకుంటూ. కారులో ఆ గంటా తండ్రీకొడుకులకే. మీ ఇంటికి వచ్చినరోజు సాస్ ఆయన్నే చేయమనండి, పప్పుచారు మీరు పెట్టండి. మూడో ఆదివారం పూర్తిగా మీది. పొద్దున్నే కాఫీ పెట్టుకుని గుంటూరుకి ఫోన్ చేయండి, అక్కడ సాయంత్రమే కాబట్టి తీరిగ్గా మాట్లాడతారు. మీ ఉత్తరంలో ఆ పది నిమిషాల మాటని చివర ఎక్కడో పెట్టారు. నన్నడిగితే మొదట రాయాల్సింది అదే. ఆయన తండ్రికి ఆదివారమంతా ఇచ్చి, మీ తండ్రికి పది నిమిషాలు ఇస్తున్నందుకు మీలో కోపం ఉంది. ఉండటంలో తప్పు లేదు. అది మామగారి మీద చూపిస్తేనే తప్పు.

మీ అమ్మగారికి మెత్తగానే చెప్పండి. పిల్లల్ని అమెరికా పంపి గుంటూరు, విజయవాడ అపార్ట్‌మెంట్లలో ఇద్దరో ఒక్కరో మిగిలిన పెద్దవాళ్లు ఎంతమంది లేరు? "మనిళ్లలో ఇలా ఉంటుందా" అంటే, ఉంటోంది. ఆవిడ మాటలో మామగారి మీద జాలితోపాటు తన సంగతేమిటన్న బెంగ కూడా ఉండొచ్చు. ఆ మూడో ఆదివారం ఫోన్లో అడిగి చూడండి.

నాలుగో ఆదివారం మీ ఆడపడుచుది. ఇల్లు అమ్మాలని చెప్పే హక్కు ఆమెకుంటే, నెలకోసారి తండ్రితో కూర్చుని భోంచేసే వంతు కూడా ఉంది. ఈ మాట ఆమెకి చెప్పాల్సింది మీరు కాదు, ఆమె అన్నదమ్ముడు.