ప్రవాసుల లెక్కలను ఎంతవరకు నమ్మవచ్చు? మయన్మార్ ఖైదీల జాబితాతో నా అనుభవం

దేశం విడిచి వెళ్లినవారు సరిహద్దుకు అవతల ఉండి స్వదేశంలోని అరెస్టులను, మరణాలను లెక్కిస్తే ఆ లెక్కను ఎలా నమ్మాలని, అది వ్యతిరేకుల ప్రచారం కాదా అని మీరు అడిగారు. మీ అనుమానాన్ని తప్పుపట్టను. 2021లో నేను అటువంటి పనికి ఒప్పుకున్నది కూడా అదే అనుమానంతో.

మాది చెన్నైలోని వ్యాసర్పాడి. మా అమ్మ రంగూన్‌లో (ఇప్పటి యాంగోన్) పుట్టింది. నే విన్ సైనిక ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక, 1965లో, పద్నాలుగేళ్ల వయసులో ఓడలో మద్రాసు చేరింది. (అక్కడ మనవారిని కోరంగి రేవు పేరుతో ‘కోరంగీలు’ అనేవారు, ఆ పిలుపులో మర్యాద తక్కువేనని అమ్మ అంటుంది.) 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్లీ అధికారం చేజిక్కించుకున్న కొన్ని నెలలకు, యాంగోన్‌లో అమ్మ చిన్ననాటి స్నేహితురాలి మనవడిని ఇంటి నుంచి పట్టుకుపోయారు. ఆ కుటుంబం ద్వారానే థాయ్‌లాండ్‌లో మయన్మార్ ప్రవాసులు నడిపే ఒక చిన్న బృందం పరిచయమైంది. పట్టికలు సరిచూడడం నా ఉద్యోగం కనుక, వారి జాబితాలో ఒకే మనిషి రెండుసార్లు నమోదైన చోట్లను వెతికే పని నాకు అప్పగించారు.

బర్మీయులకు ఇంటిపేర్లు ఉండవు, ఒకే పేరు గలవారు ఎందరో ఉంటారు. అందుచేత తండ్రి పేరు, వయసు, ఊరు, పట్టుకుపోయిన తేదీ కలిస్తే తప్ప ఇద్దరో ఒక్కరో చెప్పలేము. అక్కడ మిగిలిపోయిన తెలుగు కుటుంబాలలో మరొక చిక్కు ఉంది: బడిలో బర్మా పేరు, ఇంట్లో తెలుగు పేరు. ఆ అబ్బాయి సరిగ్గా ఇలాగే రెండు వరుసలలో కనిపించాడు. పొరుగువారు ఒక పేరు చెప్పారు, గుడికి వచ్చేవారు మరొకటి చెప్పారు. ఇద్దరూ ఒకడేనని అమ్మ వెంటనే గుర్తుపట్టినా, బృందం వారు ఆమె మాటతో సరిపెట్టుకోక, కుటుంబంతో సంబంధం లేని మరొకరిని కూడా విచారించి, పదకొండు రోజుల తరువాత మొత్తంలో ఒకటి తగ్గించారు. సంఖ్యను పెంచి చూపాలనుకునేవారు ఇంత శ్రమ పడరని నాకు అప్పుడే అనిపించింది.

అతను ఎక్కడ ఉన్నాడో తేలిన తీరు ఇంకా విచిత్రమైనది. కోవిడ్ పేరుతో ములాఖత్‌లు ఆపివేసిన ఆ రోజులలో, నాయనమ్మ యాంగోన్‌లోని ఇన్‌సేన్ జైలు గేటు వద్దకు అతని బర్మా పేరు రాసిన ఆహారపు పొట్లం తీసుకువెళ్లింది. మొదటిసారి తిప్పి పంపారు, రెండవసారి పుచ్చుకున్నారు. పుచ్చుకున్నారంటే మనిషి లోపల ఉన్నట్లేనని బృందంలోని మాజీ ఖైదీలు చెప్పారు.

ఈ రంగంలో అందరికీ తెలిసిన సంస్థ అసిస్టెన్స్ అసోసియేషన్ ఫర్ పొలిటికల్ ప్రిజనర్స్. మాజీ రాజకీయ ఖైదీలే దానిని 2000లో థాయ్ సరిహద్దు పట్టణమైన మే సోట్‌లో స్థాపించారు. 2021 తరువాత వారు ప్రకటిస్తూ వచ్చిన మృతుల సంఖ్య 2025 నాటికి 6 వేలు దాటింది. అది నిర్ధారించుకోగలిగినంత వరకేనని, అసలు సంఖ్య ఎక్కువే కావచ్చునని వారే చెబుతారు. సైన్యం ఆ లెక్కలను కాదంటుంది, వార్తా సంస్థలు మాత్రం వాటినే ఉటంకిస్తాయి. నా మట్టుకు నేను ఆ సంఖ్యను కనీస సంఖ్యగానే చదువుతాను. ఇంటర్నెట్ కోసివేసిన ప్రాంతాల నుంచి సమాచారం రావడమే కష్టం. పైగా 2021లో శిక్షాస్మృతిలో చేర్చిన 505ఎ సెక్షన్ (భయం పుట్టించే మాటలను, తప్పుడు వార్తల వ్యాప్తిని నేరంగా చూసేది) కింద మూడేళ్ల వరకు జైలు పడవచ్చు కనుక, బంధువులే నోరు విప్పడానికి జంకుతారు.

ఆ అబ్బాయి 2023 ఏప్రిల్‌లో బర్మా కొత్త సంవత్సరపు క్షమాభిక్షలో విడుదలయ్యాడు. ఫోనులో అతని గొంతు విన్నానని అమ్మ చెప్పినా, ఆ వరుసలో ‘విడుదల’ అని రాయడానికి బృందం వారు మరొకరి మాట కోసం ఇంకా నాలుగు రోజులు ఆగారు.