లెన్సు మసకగా ఉంటే కేసు నిలుస్తుందా?

ప్రశ్న: పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు ఫొటోలు తీస్తూ కుటుంబాన్ని పోషిస్తున్నాను. 22 నెలల క్రితం భార్య దుద్దులు తాకట్టు పెట్టి, ఆన్‌లైన్‌లో 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు పది వేలకు కొన్నాను. ఫొటోలు మసకగా వస్తున్నాయి. గ్రూప్ ఫొటోల్లో అపర్చర్ (లెన్సులోకి వెలుగు వచ్చే రంధ్రం) తగ్గించి ఎఫ్/8 పెట్టినా ఎడమ చివర నిలబడినవారి ముఖాలు తేటగా రావడం లేదు. ఒక పెళ్లివారు డబ్బు ఎగ్గొట్టారు. ఊళ్లో పరువు పోయింది. వారంటీలో ఉండగానే రెండుసార్లు సర్వీసు సెంటరులో ఇస్తే, ‘ఈ ధరకు ఇంతే వస్తుంది’ అని తిప్పి పంపారు. తెలిసిన మెకానిక్ విప్పి సరిచేస్తానంటున్నాడు. మూడు లక్షల పరిహారం కోరవచ్చా?

జవాబు: తాకట్టు, పరువు, పెళ్లివారి మాటలు పక్కన పెట్టండి. మీ కేసును నిలబెట్టేది ఒక్క వాక్యమే: ఎఫ్/8లోనూ ఎడమ చివర తేటపడటం లేదన్నది.

చవకైన 50 మి.మీ. లెన్సు, అపర్చర్ పూర్తిగా తెరిచిన ఎఫ్/1.8లో కాస్త మెత్తగా, మూలల్లో ఇంకొంచెం మసకగా ఉండటం సహజం. ఎఫ్/4, ఎఫ్/5.6కు వచ్చేసరికి తేటపడుతుంది. మీ ఫిర్యాదు అంతవరకే అయితే కేసు వద్దని చెప్పేవాడిని. కానీ అపర్చర్ తగ్గించినా ఒక పక్క మాత్రమే మసకగా ఉందంటే, లోపలి కటకం ఒకటి పక్కకు జరిగి ఉండవచ్చు, వాలి ఉండవచ్చు. దానికి ధర సాకు కాదు. చట్టం, ఒప్పందం లేదా అమ్మకందారు చెప్పిన మాట ప్రకారం ఉండవలసిన నాణ్యత, ప్రమాణం కొరవడితే అది ‘లోపం’ అని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(10) చెబుతోంది.

అయితే గ్రూప్ ఫొటో రుజువుగా పనికిరాదు. చివరి మనిషి కదిలాడనో, వరుస తప్పి ముందుకు నిలబడ్డాడనో అవతలి న్యాయవాది ఒక్క మాటలో కొట్టేస్తారు. చదునైన గోడ నిండా వార్తాపత్రికలు అతికించండి. కెమెరాను ట్రైపాడ్ మీద గోడకు సమాంతరంగా నిలిపి, స్క్రీన్ మీద చూస్తూ చేత్తో ఫోకస్ చేసి, టైమరు పెట్టి ఎఫ్/1.8, ఎఫ్/5.6, ఎఫ్/8లలో తీయండి. తరువాత కెమెరాను తలకిందులు చేసి మళ్లీ తీయండి. అప్పుడూ ఫొటోలో ఎడమ పక్కే మసకగా ఉంటే తప్పు గోడది కాదు. అదే కెమెరాకు అదే రకం లెన్సు మరొకటి తగిలించి తీస్తే, తప్పు కెమెరాదన్న వాదనకూ జవాబు దొరుకుతుంది. ఫైళ్లను సవరించకుండా అసలు కార్డులోనే ఉంచండి. వినియోగదారుల కమిషన్‌కు ఇచ్చేటప్పుడు, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి అవసరమైన ధ్రువపత్రం (సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 సెక్షన్ 63(4)) జతచేయండి.

ఇక మీ నిర్లక్ష్యం. రెండుసార్లు లెన్సు అప్పగించి జాబ్ షీటు (సర్వీసుకు ఇచ్చినట్టు సెంటరు రాసిచ్చే కాగితం) తీసుకున్నట్టు ఎక్కడా రాయలేదు. తీసుకోకపోతే అది పెద్ద పొరపాటు. మీరే కింద పడేశారని వాళ్లు అంటే, వారంటీ కాలంలోనే ఈ లోపం చెప్పారని దేనితో చూపిస్తారు? లెన్సు సీరియల్ నంబరు రాసి, సర్వీసు చరిత్ర ఇవ్వమని ఈరోజే సెంటరుకు ఈమెయిల్ పంపండి. ఆనాటి సంక్షిప్త సందేశాలు, కొరియర్ రసీదులు వెతికి తీయండి.

ఆ మెకానిక్‌ను లెన్సు ముట్టుకోనివ్వవద్దు. ఒక్క స్క్రూ తిప్పినా కేసు అక్కడితో ముగిసినట్టే. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద కమిషన్ వస్తువును సీలు చేసి ప్రయోగశాల పరీక్షకు పంపగలదు. విప్పిన లెన్సులో ఏ లోపం బయటపడినా అది మెకానిక్ చేసినదే అంటారు, మీ దగ్గర జవాబు ఉండదు.

గడువు సంగతి మీరు అడగనే లేదు, నాకు ఆందోళన కలిగించేది అదే. సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లే. సర్వీసు సెంటరుకు తిరిగినంత మాత్రాన, ఉత్తరాలు రాసినంత మాత్రాన ఆ గడువు పెరగదు. కొన్న తేదీ నుంచే లెక్కపెట్టుకోండి. మీకు మిగిలింది రెండు నెలలు. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది కానీ, దాని మీద ఆధారపడి కూర్చోవద్దు.

వ్యాపారానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కారనీ అంటారు. స్వయం ఉపాధితో జీవనం కోసమే కొని మీరే వాడుతున్నారని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి. సెక్షన్ 2(7) వివరణ మీకు రక్షణ. సహాయకుడు ఒకరిద్దరు ఉన్నంత మాత్రాన ఆ రక్షణ పోదని 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఆటో, ట్రక్కుల ఉదాహరణలతో చెప్పింది.

మూడు లక్షలు అడగవద్దు. పెళ్లివారితో రాతపూర్వక ఒప్పందం, వాళ్లు డబ్బు ఆపినట్టు సందేశం ఉంటే ఆ మొత్తం అడగండి. లేకుంటే లెన్సు మార్పిడి లేదా ధర వాపసు, సహేతుకమైన పరిహారం, ఖర్చులు చాలు. అమ్మినవారిని, తయారీ లేదా దిగుమతి సంస్థను ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఈ వారమే స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. జవాబు రాకపోతే మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే, సెక్షన్ 34 ప్రకారం, వినియోగదారుల ఫిర్యాదులకు ఉన్న ఈ-జాగృతి వెబ్‌సైట్ ద్వారా ఫిర్యాదు వేయండి. చెల్లించిన ధర ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. బిల్లు, వారంటీ కార్డు, అమ్మకం పేజీ ముద్రిత ప్రతి ఫిర్యాదుతో పాటే దాఖలు చేయండి. ఆ పేజీని ఎప్పుడైనా తీసేయవచ్చు కాబట్టి ప్రింటు ఈ రాత్రే తీసుకోండి.