‘ఏదో టైంపాస్‌కి’ అన్నాను, స్నేహితుడు నొచ్చుకున్నాడు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. రాజమండ్రిలో ఓ ప్రభుత్వ బ్యాంకులో పని చేస్తున్నాను. నలుగురు స్నేహితులం కలిసి చిన్న ఆర్కెస్ట్రా పెట్టుకున్నాం. నాది కీబోర్డు. బ్యాంకుకి సెలవుండే రెండో, నాలుగో శనివారాల్లో ప్రాక్టీసు. మొన్న వినాయక చవితి పందిట్లో వాయించిన వీడియోని ఎవరో మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందరూ అడుగుతుంటే, గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందని ‘అబ్బే, ఏదో టైంపాస్‌కి’ అంటూ వచ్చాను. మా ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) వాయించే స్నేహితుడు ఓ రోజు డిపాజిట్ పనిమీద బ్యాంకుకి వచ్చి ఆ మాట విన్నాడు. తర్వాత రెండు ప్రాక్టీసులకు రాలేదు. ఆఫీసులో ఈ ఆర్కెస్ట్రా సంగతి ఎలా చెప్పాలి?

జవాబు: ముందు మీ స్నేహితుడి సంగతి చూడండి. పగలంతా పని చేసుకుని, సాయంత్రం ప్యాడ్స్ మోసుకుంటూ వచ్చే మనిషికి అది టైంపాస్ కాదు కదా. మీరు తగ్గించుకుందామనుకున్నది మిమ్మల్నే, కానీ ఆ మాటతో మిగతా ముగ్గురూ తగ్గిపోయారు. మెసేజ్ పెట్టి ఊరుకోకుండా ఇంటికి వెళ్లండి. ‘నోరు జారానురా’ అంటే చాలు, సంజాయిషీలు వద్దు.

ఇక ఆఫీసు. మీరు ‘ఏముంది లెండి’ అంటే ఎదుటివాళ్లు మర్యాదకైనా ‘భలేవారే, బాగా వాయించారు’ అనాలి. మీరు మళ్లీ కాదనాలి. మీరు వినయం అనుకుంటున్నారు గానీ, వినేవాళ్లకు రెండోసారి మెచ్చుకోమన్నట్టే ఉంటుంది. (పెళ్లి భోజనంలో వద్దు వద్దంటూనే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టని చుట్టాన్ని చూసే ఉంటారు.)

ఉన్నది ఉన్నట్టు చెప్పేయండి. ‘నలుగురం ఉన్నాం, నేను కీబోర్డు. నెలకు రెండు శనివారాలు కూర్చుంటాం, ఎక్కువగా పాత పాటలే.’ ఇంకా అడిగితే జరిగిందొకటి చెప్పండి. పాడేవారి గొంతు పట్టేసి, ఒకటిన్నర శ్రుతిలో ఉన్న పాటను ఒకటికి దించబోయి, కంగారులో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ పైకి నొక్కేసిన రోజు మీకూ ఉండే ఉంటుంది. అలాంటిది వింటే పక్క కౌంటర్ మేడం గారు, తాను చిన్నప్పుడు వీణ నేర్చుకుని మానేసిన సంగతి బయటపెట్టవచ్చు. అప్పుడు మీరు వినండి. కీబోర్డు కబుర్లు ఆ పూటకు చాలు.

‘బాలు గారూ ఇలా మొదలైనవారే’ అనేవాళ్లు ఉంటారు. నిజమే, ఆయన తొలిరోజుల్లో నడిపిన ట్రూపులో ఇళయరాజా గిటారు, హార్మోనియం వాయించారు. ఆ పోలిక వాళ్లు తెస్తే నవ్వేయండి, మీరు మాత్రం ఎత్తకండి.

ఇంకో చిక్కు కూడా వస్తుంది. ఒకరి రిటైర్మెంట్ ఫంక్షన్, మేనేజర్ గారి అబ్బాయి పుట్టినరోజు, అన్నిటికీ ‘మన ఆర్కెస్ట్రా ఉందిగా’ అంటారు. మొహమాటానికి అక్కడికక్కడే సరే అనేయకండి. ‘మావాళ్లని అడిగి చెబుతాను’ అనండి. అడిగేటప్పుడు ఆ ప్యాడ్స్ స్నేహితుణ్నే మొదట అడగండి.