కయాక్‌ను కారు మీదికి ఒక్కరే ఎక్కించాలంటే

ప్రశ్న: మాది శ్రీకాకుళం. ఆదివారాలు కళింగపట్నం దగ్గర వంశధారలో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) నడుపుతాను. పాతిక కిలోలుంటుంది. కారు మీదికి ఒక్కడినే ఎక్కించాలంటే టెన్షన్. పోయినవారం జారిపడి కారు అద్దం పగిలింది. ఇంట్లో ఏదైనా చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చు తమ్ముడూ. నేను వాడుతున్నదే చెబుతాను. బరువంతా ఒకేసారి ఎత్తొద్దు. ఒక కొస దేనికైనా ఆనిందంటే, రెండో కొస ఎత్తేటప్పుడు దాదాపు సగం బరువే చేతికొస్తుంది.

కారు పైనున్న క్యారియర్‌లో ముందువైపు అడ్డకడ్డీ తీసేసి, దాని చోట ఒకటింబావు అంగుళం జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనుప గొట్టం) గట్టిగా బిగించండి. అందులో ఒక అంగుళం పైపు దూరుతుంది. షాపులోనే దూర్చి చూసి కొనండి. నాది లోపలి అతుకు దగ్గర పట్టేసింది. సాయంత్రమంతా ఆకురాయితో అరగదీశాను. ఆ లోపలి పైపు రెండడుగులు పక్కకు లాగితే చెయ్యి చాచినట్టు నిలుస్తుంది. లోపల కూడా కనీసం రెండడుగులు ఉండాలి, లేదంటే వంగిపోతుంది. రెండింటికీ కలిపి రంధ్రం వేసి బోల్టు పెట్టండి, ఊడిరాదు. బయటి కొసకు జానెడు ముక్క నిలువుగా వెల్డింగ్ చేయించి, పాత సైకిల్ ట్యూబు చుట్టండి. మీ కయాక్ జారింది ఇలాంటి అడ్డు లేకే అయ్యుంటుంది.

ఇక కయాక్ ముక్కును ఆ చాచిన పైపు మీద ఆనించి, తోక ఎత్తి క్యారియర్ వెనక కడ్డీ మీద పెట్టండి. తర్వాత ముక్కును లోపలికి జరిపి, బోల్టు తీసి పైపు లోపలికి తోసేయండి. కయాక్‌ను క్యారియర్‌కు బిగించే బెల్టులు రెండు చాలనుకోవద్దు, ముక్కుకూ తోకకూ తాడు కట్టాల్సిందే. ఉప్పుగాలికి పైపు తుప్పు పడుతుంది, ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి గ్రీజు రాయండి.