గంట నడుస్తున్నానని నేనంటే, ఫోన్ 25 నిమిషాలే అంటోంది!

ప్రశ్న: నా వయసు 44. బ్యాంకు ఉద్యోగిని. డిప్రెషన్‌కు 8 నెలలుగా ఎస్సిటాలోప్రామ్ వాడుతున్నాను. వ్యాయామం మందులతో సమానంగా పనిచేస్తుందని చదివి, రోజూ గంట నడక మొదలుపెట్టి, 3 వారాలుగా మాత్ర సగమే వేసుకుంటున్నాను. ఈమధ్య తెల్లవారుజామున 3 గంటలకే మెలకువ వస్తోంది. ఆసుపత్రి ఫారంలో గంట నడుస్తానని రాశాను కానీ, ఫోన్‌లో రోజుకు 2,500 అడుగులే కనిపిస్తున్నాయి. మనుషులు చెప్పే లెక్కలతో చేసిన పరిశోధనలను నమ్మవచ్చా? – ఒక పాఠకుడు, ఖమ్మం

డాక్టర్ సలహా: మీరు అడిగింది పరిశోధనల గురించి. నన్ను కలవరపెట్టింది మాత్రం మధ్యలో ఒక్క మాటగా చెప్పి వదిలేసిన సగం మాత్ర, తెల్లవారుజాము మెలకువ. ఈ రెండింటికీ సంబంధం ఉందో లేదో మిమ్మల్ని పరీక్షించకుండా చెప్పలేను. అయితే అంత త్వరగా మెలకువ వచ్చేయడం డిప్రెషన్ తిరగబెడుతున్నదనడానికి మేము జాగ్రత్తగా గమనించే లక్షణాల్లో ఒకటి కనుక, ఈ వారంలోనే మీ సైకియాట్రిస్టును కలవండి.

ఇక లెక్కల సంగతి. మీరు ఫారంలో అబద్ధం రాశారని నేను అనుకోవడం లేదు. నిమిషానికి సుమారు 100 అడుగుల చొప్పున గంట నడకకు 6,000 అడుగులు రావాలి. 2,500 అంటే 25 నిమిషాలు. ఫోన్ ఇంట్లో ఛార్జింగులో ఉన్నప్పుడు వేసిన అడుగులు అందులో చేరవు కనుక దాని లెక్కా పూర్తి కాదు. కానీ మనకు ఇంటి నుంచి బయలుదేరిన సమయం, తిరిగి వచ్చిన సమయం గుర్తుంటాయి తప్ప, మధ్యలో టీ కొట్టు దగ్గర ఆగిన నిమిషాలు గుర్తుండవు. పరిశోధనల్లో ఎక్కువగా వాడే ఐపాక్ ప్రశ్నావళి గత 7 రోజుల కదలికను జ్ఞాపకం మీదే అడుగుతుంది. ఒంటికి కట్టుకుంటే కదలికను కొలిచే యాక్సెలరోమీటర్ వంటి పరికరాలతో దాన్ని పోల్చిన అధ్యయనాలను సమీక్షించినప్పుడు, జనం చెప్పింది సగటున 84 శాతం ఎక్కువని తేలింది. 2005-06 నాటి అమెరికా ఆరోగ్య సర్వేలో సిఫారసు చేసినంత వ్యాయామం చేస్తున్నామని 62 శాతం మంది చెప్పుకోగా, పరికరం లెక్కలో వారు 10 శాతం కూడా లేరు. ఈ తేడా అంతా మతిమరుపు వల్ల వచ్చింది కాదు. నడుముకు కట్టే పరికరం సైకిల్ తొక్కడాన్ని, బరువులెత్తడాన్ని సరిగా పట్టుకోదు.

మానసిక ఆరోగ్య పరిశోధనల్లో చిక్కు ఇంకాస్త లోతైనది, ఎందుకంటే కొలవాల్సిన జబ్బే కొలిచే జ్ఞాపకాన్ని మార్చేస్తుంది. దిగులులో ఉన్న మనిషి చేసిన పనిని కూడా చేయలేదనుకోవచ్చు. కోలుకుంటున్నానని డాక్టరుకు చూపాలని తపించే మనిషి ఎక్కువ చెప్పవచ్చు. బ్రిటన్‌లో లక్షలాది మంది ఆరోగ్య వివరాలు సేకరించిన యూకే బయోబ్యాంక్ సమాచారంతో 2018లో వెలువడిన అధ్యయనంలో, స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక జబ్బు ఉన్నవారు తాము మిగతావారితో సమానంగానే కదులుతున్నామని చెప్పగా, మణికట్టు పరికరం వారి కదలిక చాలా తక్కువని చూపింది. 2019లో జన్యు సమాచారంతో చేసిన మరో విశ్లేషణలో, పరికరంతో కొలిచిన కదలికకు డిప్రెషన్ ముప్పు తగ్గడంతో సంబంధం కనిపించింది. మనుషులు చెప్పిన కదలికకు కనిపించలేదు.

కాబట్టి నమ్మవచ్చా అంటే, కొంతవరకే. వ్యాయామం డిప్రెషన్‌కు మేలు చేస్తుందనడానికి, దగ్గరుండి చేయించి చూసిన ప్రయోగాల ఆధారం కూడా ఉంది. అయితే ఎన్ని నిమిషాలు చాలన్నది నోటిమాట లెక్కల నుంచి తేల్చలేము. దగ్గరుండి చేయించిన వ్యాయామం ఇచ్చిన ఫలితాన్ని, ఎంత నడిచారో మీకే తెలియని నడకకూ, సొంతంగా సగం చేసుకున్న మాత్రకూ వర్తింపజేయకూడదు.

ఇది నేను ఓపీలో తరచూ చెప్పే మాటే, అయినా మళ్లీ చెబుతున్నాను. ఈ మందు తగ్గించగానే కొందరికి తల తిరగడం, చిరాకు, ఒంట్లో కరెంటు పాకినట్టు అనిపించడం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మరికొందరికి కొన్ని వారాలు బాగానే ఉంటుంది. మందు అక్కర్లేదని ధైర్యం వచ్చేది అప్పుడే, జబ్బు తిరగబెట్టేది ఆ తర్వాత. ఫారానికీ ఫోన్‌కూ మధ్య తేడాను పట్టుకున్న మీరు, మాత్ర సగం చేసే ముందు మీ డాక్టరుకు ఒక్క ఫోన్ చేసి ఉండాల్సింది. ఇప్పుడు కంగారుపడి డోసు మీరే మళ్లీ మార్చుకోకండి. ఏం చేయాలో ఆయననే అడగండి. చనిపోవాలన్న ఆలోచన ఏ మాత్రం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగవద్దు, వెంటనే దగ్గరలోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు కూడా రాత్రీ పగలూ పనిచేస్తుంది.

నడక మానవద్దు. డాక్టరును కలిసేదాకా ఫోన్‌ను జేబులోనే ఉంచుకుని, ఎంత నడిచారో, ఎంతసేపు పడుకున్నారో, ఎంతసేపు కూర్చున్నారో ఏ రోజుది ఆ రాత్రే రాసుకోండి. మాత్ర తగ్గించక ముందు ఫోన్‌లో ఎన్ని అడుగులు నమోదయ్యాయో కూడా వెనక్కి వెళ్లి చూడండి. అప్పటికంటే ఇప్పుడు తగ్గి ఉంటే, మీ డాక్టరుకు 2,500 అన్న అంకె కన్నా ఆ తగ్గుదలే ఎక్కువ చెబుతుంది. ఫారంలో రాసిన గంటను దిద్దకండి. రెండు లెక్కలూ ఆయన ముందు పెట్టి, గంట అని మీకెందుకు అనిపించిందో కూడా చెప్పండి.