తురాయి మొగ్గ నుంచి మొదలుపెట్టు

అమ్మాయీ,

వేసవి సెలవుల మీద నువ్వు రాసింది చదివాను. ప్రేమగా రాశావు. కానీ "పూలతో రోజంతా ఆడుకునేవాళ్లం, ఆ రోజులే వేరు" అని ఒక్క ముక్కలో దాటేశావు చూడు, నాకు కావలసిందంతా అక్కడే ఉంది. ఏ పువ్వు? ఏం ఆట? ఓడితే ఏమయ్యేది?

తురాయి సంగతే తీసుకో. కోడిపందేనికి విచ్చిన పువ్వు పనికిరాదు. రేపో మాపో విచ్చేలా ఉబ్బిన మొగ్గ కావాలి. గోటితో చీలిస్తే లోపల 10 కేసరాలు, ఒక్కోదానికి చివర చిన్న తల. అవే పుంజులు. చెరొకటి పట్టుకుని, తలకు తల తగిలించి లాగాలి. ఎవరి పుంజు తల తెగితే వాళ్లు ఓడినట్టు. మెల్లగా లాగాలా, చటుక్కున గుంజాలా అని పిల్లలు పడే గొడవ ఉందే, అది రాయి. మొగ్గ మీది పచ్చటి తొడుగునూ పారేయరు. అది 5 రేకులుగా ఊడి వస్తుంది, ఒక చేతికి సరిగ్గా సరిపోతుంది. ఉమ్మి తడితో గోళ్లకు అంటించుకుని, దెయ్యంలా చేతులు చాచి చిన్నపిల్లల మీదికి ఉరుకుతారు.

కాలం కూడా చూసుకో. నువ్వు మే నెలలో కాడమల్లెలు రాల్చావు. అవి చలి మొదలయ్యే రోజుల్లో పూస్తాయి. హోళీకి మోదుగ. తెలంగాణ పల్లెల్లో పిల్లలు ఆ పూలు ఏరుకొచ్చి, నీళ్లలో మరిగించి, కాషాయ రంగు తీసి చల్లుకునేవాళ్లు. ఆ వెనక రేల, తురాయి. ఏజెన్సీ ఊళ్లలో ఎండాకాలం మొదట్లో తెల్లవారేసరికి ఇప్పపూలు రాలి ఉంటాయి. అక్కడి పిల్లలకు వాటిని ఏరడం ఇంటిపని. గంప నింపుతూనే నాలుగు నోట్లో వేసుకుంటారు. ఆ పిల్లల పొద్దును మన ఆటలతో కలిపేసి ఒకే ముద్ద చేయకు.

అందమైనవే ఏరుకోవద్దు. జిల్లేడు మొగ్గ నొక్కితే టప్‌మంటుంది, పిల్లలకు భలే సరదా. పాలు కంట్లో పడితే ప్రమాదమని అమ్మ వెంటపడి తిట్టేది. ఆ తిట్లు ఏమిటో మీ ఊరి మాటల్లోనే రాయి.

మొత్తం తిరగరాయాలేమోనని టెన్షన్ పడకు, ఆ ఒక్క పేరా చాలు. ముందు మీ అమ్మమ్మను అడుగు: పందెంలో ఓడినవాళ్లు ఏం ఇచ్చుకునేవాళ్లు, చింతపిక్కలా, మామిడి ముక్కా? తెలుసుకుని రాసి పంపు, వెంటనే చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు